గుర్తు తెలియని వాహనం గుద్దేసి పోతే వచ్చే 2 లక్షలు: గోదావరి డెల్టాలో ఈ పరిహారం ఎంతవరకు అందుతోంది?

తెల్లవారుజామున కాలవ గట్టు రోడ్డు మీద సైకిల్‌పై వెళ్తున్న మనిషిని ఏదో బండి గుద్దేసి పోతుంది. నంబరు చూసినవాళ్లు ఉండరు. కర్మకాండ అయ్యాక ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘బండే దొరకలేదు, ఇంకెవర్ని అడుగుతాం?’ అడగొచ్చు. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి కుటుంబాల కోసమే ఉంది. మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే.

పథకం రాసిన తీరు బాగుంది. పోయిన మనిషి వయసెంత, సంపాదనెంత అనే లెక్కలు లేవు. కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు, లాయరు అక్కర్లేదు. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందే తీరు మాత్రం చాలా అన్యాయంగా ఉంది. 2022లో దేశం మొత్తం మీద ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగితే, 2022-23 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు 205. అందులో తేలినవి 95. 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఈ లెక్కలే ముందు పెట్టుకుని పోలీసులకు, రెవెన్యూ వాళ్లకు గట్టి ఆదేశాలిచ్చింది. ఆ ఆదేశాల సంగతి తెలిసి అడిగినవాళ్లకీ తెలియక ఊరుకున్నవాళ్లకీ చాలా తేడా ఉంటుంది.

ముందు ఒక అపోహ. డ్రైవరు పారిపోతే చాలు, అది ఈ పథకం కిందికి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. చట్టం చూసేది బండిని. తగినంత ప్రయత్నం చేసినా ఏ బండో తెలియకపోతేనే 161. డ్రైవరు పరారైనా నంబరు దొరికితే అది మామూలు ప్రమాదం కేసే. అప్పుడు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. అక్కడ సంపాదన, వయసు, ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి లెక్క కడతారు కాబట్టి వచ్చే మొత్తం 2 లక్షలకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. అందుకే మొదటి వారం బండిని వెతికించడం మీదే పెట్టాలి. 2 లక్షలు ఎక్కడికీ పోవు, సీసీ కెమెరా రికార్డింగు పోతుంది.

మన వైపు రాత్రిపూట తిరిగేవి ఎక్కువగా రొయ్యల కంటైనర్లు, చేపల లారీలు, ఇసుక టిప్పర్లు, ధాన్యం ట్రాక్టర్లు. ఇవి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. పెట్రోలు బంకు, కాటా, రైసు మిల్లు గేటు, ఐసు ఫ్యాక్టరీ, వంతెన దిగిన చోట కొట్లు... ఈ కెమెరాల్లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కిపోతుంటుంది. ప్రమాదం జరిగిన రెండు మూడు రోజుల్లోపే, ఫలానా ఫలానా చోట్ల ఫుటేజీ భద్రపరచమని ఎస్‌ఐ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. చోట్ల పేర్లు, సుమారు టైము రాయండి. ఊరికే నోటితో చెబితే ఫైల్లోకి ఎక్కదు. రోడ్డు మీద పడిన హెడ్‌లైటు గాజు ముక్క, విరిగిన అద్దం, సైకిల్ మడ్‌గార్డుకి అంటుకున్న రంగు ఊడ్చేయనివ్వకండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీస్తే ముక్క సైజు తెలుస్తుంది.

ఇక ఈ పరిహారం చేజారే అసలు చోటు ఆసుపత్రి క్యాజువాలిటీ. అక్కడ డ్యూటీ డాక్టరు ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టరులో, అంటే పోలీసు కేసయ్యే గాయాలు రాసే పుస్తకంలో, ‘ఎలా జరిగింది?’ అన్న గడి నింపుతారు. వెంట వచ్చినవాళ్లు పోలీసు గొడవెందుకని ‘బండి జారి పడ్డాడండి’ అనేస్తారు. ఆ ఒక్క ముక్క అలాగే ఎక్కుతుంది: బండి స్కిడ్ అయి పడ్డాడు. మర్నాడు ఎఫ్‌ఐఆర్‌లో గుర్తు తెలియని వాహనం గుద్దిందని రాసినా, పరిహారం దరఖాస్తును విచారించే అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. జారి పడిన కేసుకి 161 వర్తించదు. కాబట్టి డాక్టరు అడిగితే తెలిసిందే చెప్పండి: ఎక్కడ, ఎన్నింటికి, ఏదో వాహనం గుద్ది ఆగకుండా పోయింది, నంబరు తెలియదు. పొరపాటున వేరేగా రాయించి ఉంటే, ప్రమాదం కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలం పోలీసులు నమోదు చేసేలా వెంటనే అడగండి. 108కి ఫోన్ చేసినవాళ్లు, ఆసుపత్రికి చేర్చినవాళ్లు కేసులో ఇరుక్కుంటామని భయపడతారు. అదే చట్టంలోని 134ఎ సెక్షన్ వాళ్లకు రక్షణ ఇచ్చింది. ఇష్టం లేకపోతే పేరు చెప్పక్కర్లేదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది మీ హక్కు. అందులో ‘గుర్తు తెలియని వాహనం’ అన్న మాట, ప్రమాదం జరిగిన చోటు, టైము ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. నమోదు చేయకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. నెల గడిచినా బండి ఆచూకీ తెలియకపోతే, ఈ పథకం గురించి స్టేషన్ అధికారే బాధితులకు రాతపూర్వకంగా తెలపాలి. దరఖాస్తు ఎవరికివ్వాలో ఆ కార్యాలయం చిరునామా, ఈమెయిల్ కూడా ఆ లేఖలో ఉండాలి. సుప్రీంకోర్టు ఆదేశంలో మొదటి ముక్క ఇదే. లేఖ రాకపోతే ‘2024 జనవరి 12 నాటి ఉత్తర్వు ప్రకారం ఇవ్వండి’ అని ఒక అర్జీ పెట్టండి. ఆ తేదీ రాస్తే అర్జీకి బరువొస్తుంది.

దరఖాస్తు ఏ ఊరి కార్యాలయంలో ఇవ్వాలన్నది డెల్టాలో పెద్ద చిక్కు. మన రోడ్లు ఏటికి అటూ ఇటూ జిల్లాలు మారిపోతాయి. లెక్కలోకి వచ్చేది ప్రమాదం జరిగిన చోటు మాత్రమే. మనిషి సొంతూరు కాదు, ఆసుపత్రి ఉన్న ఊరూ కాదు. చించినాడ వంతెనకి దిండి వైపు జరిగితే అది కోనసీమ జిల్లా. గాయపడినవాణ్ణి దగ్గరని పాలకొల్లు తీసుకెళ్లినా కాగితాలు కోనసీమవే. వంతెన దాటి చించినాడ వైపు జరిగితే పశ్చిమ గోదావరి. సిద్ధాంతం, రావులపాలెం మధ్య వంతెన దగ్గరా ఇదే పరిస్థితి. ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది 216 జాతీయ రహదారి మీద ఎదుర్లంక, యానాం మధ్య బాలయోగి వంతెన. యానాం వైపు జరిగితే కేసు పుదుచ్చేరి పరిధిలోకి పోతుంది. అమలాపురంలో దరఖాస్తు ఇస్తే నెలల తర్వాత ‘మాది కాదు’ అని తిరిగొస్తుంది.

చోటు తేలాక దరఖాస్తు క్లెయిమ్స్ విచారణాధికారికి వెళ్తుంది. ఆ బాధ్యత రెవెన్యూ అధికారులదే కాబట్టి ముందు ఆర్డీఓ కార్యాలయంలో అడగండి. ఫారం 1 దరఖాస్తు, ఫారం 4 హామీపత్రం. వీటికి జతగా ఎఫ్‌ఐఆర్ కాపీ, చనిపోతే పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, గాయమైతే వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు రాసిచ్చే కాగితం), బాధితుడిదీ దరఖాస్తుదారుదీ ఆధార్ లాంటి గుర్తింపు, చిరునామా కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, ఆసుపత్రిలో నగదు రహిత చికిత్స జరిగితే ఆ బిల్లు. వారసులెవరో తేలడానికి సచివాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం కాగితాలు తెప్పించుకోవాల్సిన బాధ్యత విచారణాధికారిది కూడా. అయినా మీరే జత చేస్తే వారాలు కలిసొస్తాయి. రెండు సెట్లు తీసుకెళ్లి, రెండో సెట్టు మీద కాగితాలు తీసుకునే టపా సెక్షన్‌లో తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినట్టు రుజువేం ఉండదు.

ఫారం 4 చదవకుండా సంతకం పెట్టొద్దు. అదే ప్రమాదానికి తర్వాత ఇంకో దారిలో పరిహారం వస్తే, ఇక్కడ తీసుకున్నది తిరిగి కడతామని అందులో ఒప్పుకుంటున్నారు. రేపు బండి దొరికి ట్రిబ్యునల్‌లో గెలిస్తే ఈ 2 లక్షలు వెనక్కి ఇవ్వాలి. ఇది సబబైన షరతే, భయపడాల్సింది కాదు. బండి దొరికే ఆశ ఉందని దరఖాస్తు ఆపుకోకండి.

గడువులు కాగితం మీద చక్కగా ఉన్నాయి. దరఖాస్తు అందిన నెలలోపు విచారణాధికారి నివేదిక, అది చేరిన 15 రోజుల్లో కలెక్టర్ మంజూరు, ఆ ఉత్తర్వు అందిన 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ (బీమా కంపెనీల ఉమ్మడి సంస్థ) నుంచి డబ్బు. అంటే రెండు నెలల్లో తేలాలి. నివేదిక దగ్గర ఆగిపోతే, ముద్ర వేసిన కాపీ పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. మంజూరు చేయాల్సింది కలెక్టరే కాబట్టి అర్జీ సరైన బల్ల మీదికే చేరుతుంది. రెండో దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ప్రమాదం గురించి పోలీసుల సమాచారం వచ్చి నెలైనా కుటుంబం దరఖాస్తు చేయకపోతే, విచారణాధికారి ఆ సంస్థకు చెప్పి సాయం చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 15100కి ఫోన్ చేసి మీరే ముందుగా అడగొచ్చు. ‘డబ్బు తెప్పిస్తాం, సగం మాకివ్వండి’ అని ఇంటికొచ్చేవాళ్లకు ఒక్క సంతకం కూడా ఇవ్వకండి.

మంజూరయ్యాక కూడా డబ్బు ఆగే చోటు ఒకటుంది, బ్యాంకు ఖాతా. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో ఏడాదికి లక్షకు మించి జమ పడదు, నిల్వ 50 వేలు దాటదు. అందులోకి 2 లక్షలు రావు. ముందే బ్యాంకుకు వెళ్లి కేవైసీ పూర్తి చేయించుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాసుపుస్తకంలో పొడి అక్షరంగా ఉంటే అదీ సరిచేయించుకోండి.

50 వేల గాయం కేసుల మీద మా అసంతృప్తి ఎక్కువ. తొడ ఎముక విరిగినవాడికి ఆపరేషన్, మందులు, పనికి పోలేని నెలలు కలిపితే ఈ డబ్బు ఏ మూలకీ రాదు. ఆ కాస్తా రావాలన్నా వూండ్ సర్టిఫికెట్‌లో ‘గ్రీవియస్’ (తీవ్ర గాయం) అని ఉండాలి. ఎముక లేదా పన్ను విరగడం, కీలు తప్పడం, కన్ను లేదా చెవి పోవడం, 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా రోజూ చేసుకునే పని చేసుకోలేకపోవడం దీని కిందికి వస్తాయి. ఎక్స్‌రే తీయకముందు రాసిన కాగితంలో ‘సింపుల్’ అని పడిపోతుంటుంది. ఎక్స్‌రే వచ్చాక తుది అభిప్రాయం రాసివ్వమని డాక్టరును అడిగి, ఆ కాగితాన్ని స్టేషన్‌లోనూ ఇవ్వండి.

చికిత్స ఖర్చుకి వేరే పథకం ఉంది. 2025 మే నుంచి, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, మనిషికి లక్షన్నర వరకు, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నగదు కట్టకుండా వైద్యం. బండి తెలియకపోయినా వర్తిస్తుంది. క్యాజువాలిటీలోనే అడగాలి, డిశ్చార్జి రోజున కాదు.

తర్వాత బండి దొరికితే ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో వేయాలని చట్టంలో ఉంది. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉండే చోట గానీ వేయొచ్చు. యానాం లాంటి కేసుల్లో ఈ వెసులుబాటు బాగా పనికొస్తుంది. నెలకోసారి స్టేషన్‌కి వెళ్లి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఉండండి. ఏడో నెలలో నంబరు తెలిస్తే గడువు దగ్గరే తగాదా మొదలవుతుంది.

ఆఖరుగా, ఇంట్లోనే ఉండి ఎవరూ చూడని కాగితాలు రెండు. పోయిన మనిషి తన సొంత మోటారు సైకిల్ నడుపుతూ ఉంటే ఆ బండి పాలసీ తీసి చూడండి. లైసెన్సు ఉండి, అందులో యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమాకి ప్రీమియం కట్టి ఉంటే 15 లక్షలు. గుద్దిన బండి దొరికిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. రెండోది బ్యాంకు పాసుపుస్తకం. ఏటా మే నెలాఖరు ప్రాంతంలో 20 రూపాయలు కోత పడి ఉంటే అది సాధారణంగా ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి ఇంకో 2 లక్షలు. ఆ ఎంట్రీ దొరికితే పాసుపుస్తకం, ఎఫ్‌ఐఆర్ కాపీ పట్టుకుని ఆలస్యం చేయకుండా ఆ బ్రాంచికే వెళ్లండి.