ఛాతీ పట్టీ ఈసీజీతో ఊపిరిని చూడటం: ఎక్కువకాలం వాడాక నా సమీక్ష

ప్రాణాయామం చేస్తుంటే గుండె లయ ఎలా మారుతుందో కళ్లారా చూడాలనుకుంటే, ఛాతీకి కట్టుకునే ఈసీజీ పట్టీకి మించిన ఇంటి పరికరం నాకు కనబడలేదు. లయ కొలవడంలో దీనికి వంక పెట్టలేం. తరంగాల ఆకారం చదవడానికి మాత్రం సరిపోదు. ఇక దాంతోపాటు ఆప్ చూపించే ‘ఒత్తిడి స్కోరు’ ఉందే, దాన్ని నేను పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇక్కడ రాస్తున్నది ఏదో ఒక కంపెనీ సరుకు గురించి కాదు, ఈ తరహా పట్టీలన్నిటికీ వర్తిస్తుంది.

ముందు ఇది ఏం చూపిస్తుందో చెప్పాలి. పూరకంలో, అంటే గాలి పీల్చేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది, రేచకంలో, అంటే వదిలేటప్పుడు తగ్గుతుంది. దీన్ని రెస్పిరేటరీ సైనస్ అరిత్మియా అంటారు. పేరులో అరిత్మియా (లయ తప్పడం) ఉన్నా ఇది జబ్బు కాదు. 1847లోనే జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ కుక్కల మీద దీన్ని నమోదు చేశాడు. గుండె లయను నడిపే సైనస్ నోడ్‌ను, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి నిరంతరం అదిమి ఉంచుతుంది. గాలి లోపలికి తీసుకునేటప్పుడు మెదడు కాండంలోని శ్వాస కేంద్రాలు, సాగిన ఊపిరితిత్తుల నుంచి వచ్చే సంకేతాలు కలిసి ఆ వేగస్ పట్టును సడలిస్తాయి. నోడ్ దగ్గర వేగస్ వదిలే రసాయనం ఎసిటైల్‌కోలిన్ తగ్గి, తర్వాతి స్పందన తొందరగా వస్తుంది. గాలి వదలగానే పట్టు మళ్లీ బిగుస్తుంది. నిమిషానికి 72 నుంచి 58కి వేగం పడిందంటే, రెండు స్పందనల మధ్య దూరం 833 మిల్లీసెకన్ల నుంచి 1034కు సాగిందని లెక్క. ఈ తేడాను పట్టీ చక్కగా పట్టేస్తుంది. బ్లూటూత్‌లో ఈ దూరాలు సెకనులో 1024వ వంతు ప్రమాణంలో వస్తాయి కాబట్టి సూక్ష్మతకు లోటు లేదు.

కట్టుకునే పద్ధతి సరిగా లేకపోతే ఇదంతా వృథా. ఎలక్ట్రోడ్లను నీళ్లతో బాగా తడపాలి. చలికాలంలో, ఏసీ గదిలో నీళ్లు త్వరగా ఆరిపోతాయి, అప్పుడు ఈసీజీ జెల్ చుక్క మేలు. పట్టీ ఛాతీ కండరాల కింది అంచున ఉండాలి. నిండుగా ఊపిరి తీసుకున్నప్పుడు కూడా జారకూడదు, అలాగని పక్కటెముకల కదలికను అడ్డుకునేంత బిగువూ ఉండకూడదు. భోజనం చేసిన వెంటనే, కాఫీ తాగిన వెంటనే కొలవొద్దు. కూర్చున్నాక అయిదు నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. పడుకుని తీసిన కొలతనూ కూర్చుని తీసిన కొలతనూ పోల్చి ప్రయోజనం లేదు.

నేను సిఫారసు చేసే వరస ఇది. మొదట రెండు నిమిషాలు మామూలు ఊపిరి. తర్వాత మూడు నిమిషాలు నిమిషానికి 12 శ్వాసలు, అంటే రెండు సెకన్లు పూరకం, మూడు సెకన్లు రేచకం. ఆపైన మూడు నిమిషాలు నిమిషానికి 6 శ్వాసలు, నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి. మూడో దశలో గుండె వేగం గ్రాఫ్ చిన్న గరుకు గీత నుంచి పెద్ద నున్నటి అలలుగా మారుతుంది. రక్తపోటును సరిచేసే బారోరిఫ్లెక్స్‌కు దాదాపు 10 సెకన్ల సొంత చక్రం ఉంది. ఊపిరి కూడా అదే 10 సెకన్లకు పడినప్పుడు రెండూ ఒకదానికొకటి తోడై అల ఎత్తు పెరుగుతుంది. అందరికీ సరిగ్గా 6 దగ్గరే కుదరదు. 4.5కు, 7కు మధ్య అర శ్వాస చొప్పున మార్చి చూసుకోవాలి. కేథలిక్కుల జపమాల ప్రార్థన, యోగ మంత్రం రెండూ ఊపిరిని సుమారు ఈ వేగానికే తెస్తాయని 2001లో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించింది. మన పెద్దవాళ్ల జపం లెక్క ఊరికే పోలేదన్నమాట.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, నెమ్మదిగా అంటే గట్టిగా అనుకోవడం. ప్రతిసారీ ఛాతీ నిండా పీల్చితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి పెదవులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. లోతు తగ్గించండి, వేగం అలాగే ఉంచండి. భస్త్రికలో ఇది ఇంకా ఎక్కువ. వేగంగా అతిగా ఊపిరి తీస్తే గుండెలో ఏ జబ్బూ లేనివాళ్ల ఈసీజీలో కూడా టీ తరంగం (ప్రతి స్పందన చివర గుండె తేరుకునేటప్పుడు వచ్చే అల) చదునవ్వచ్చు, తిరగబడనూ వచ్చు.

ఇక ఆ ఒత్తిడి స్కోరు సంగతి. చాలా ఆప్‌లు లయ మార్పులను రెండు పౌనఃపున్య పట్టాలుగా విడదీస్తాయి: 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ వరకు తక్కువ పట్టా, 0.15 నుంచి 0.40 వరకు ఎక్కువ పట్టా. మొదటిది పెరిగితే ఒత్తిడి, రెండోది పెరిగితే విశ్రాంతి అని చెప్పేస్తాయి. నిమిషానికి 15 శ్వాసలంటే 0.25 హెర్ట్జ్, ఎక్కువ పట్టాలో పడుతుంది. 6 శ్వాసలంటే 0.1 హెర్ట్జ్, తక్కువ పట్టాలోకి దూకుతుంది. అంటే మీరు హాయిగా నెమ్మదిగా ఊపిరి తీస్తుంటే ఆప్ ‘ఒత్తిడి పెరిగింది’ అంటుంది! అక్కడ మారింది ఊపిరి వేగం ఒక్కటే. అందుకే ప్రతి కొలత పక్కన శ్వాసల సంఖ్య రాసిపెట్టండి. అది లేకుండా నిన్నటి అంకెను ఇవాళ్టి అంకెతో పోల్చడం దండగ.

ఒక స్పందన దూరానికీ దాని పక్క దూరానికీ ఎంత తేడా ఉందో చెప్పే ఆర్‌ఎమ్‌ఎస్‌ఎస్‌డీ అనే అంకె కొంత మేలు, కానీ దాన్ని ఒక్క తప్పు స్పందన చెడగొడుతుంది. 900 మిల్లీసెకన్ల లయలో ఒక స్పందన 600కే వచ్చి, తర్వాతిది 1200కు వచ్చిందనుకోండి. ఒక నిమిషం రికార్డులో 30 ఉండాల్సిన విలువ 95 దాకా లేస్తుంది. ఆప్ మాత్రం ఎక్కువంటే మంచిదనుకుని మెచ్చుకుంటుంది. ముడి గ్రాఫ్ చూపించని ఆప్‌ను కొనకపోవడమే మంచిది.

తరంగాల ఆకారానికి వస్తే, ఊపిరితో ఆర్ శిఖరం (ప్రతి స్పందనలో నిటారుగా లేచే మొన) ఎత్తు కూడా పెరిగి తరుగుతుంది. ఛాతీ అడుగున ఉండే ఊపిరి కండరం డయాఫ్రం దిగినప్పుడు గుండె నిలువుగా తిరుగుతుంది, గాలి నిండిన ఊపిరితిత్తి విద్యుత్తుకు అడ్డు పెంచుతుంది. ఆసుపత్రి ఈసీజీ మూడో లీడ్‌లో (లీడ్ అంటే గుండె విద్యుత్తును చూసే ఒక కోణం) క్యూ తరంగం, అంటే ఆర్ శిఖరానికి ముందు కిందికి వంగే గీత కనబడితే ఒక్కోసారి ఊపిరి పీల్చి ఆపమని మళ్లీ తీసేది ఈ స్థానం మార్పు కోసమే. పట్టీలో ఉన్నది ఒకే లీడ్. పైగా ఛాతీతోపాటు ఎలక్ట్రోడ్ కూడా కదిలి అడుగు గీత పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపును తీసేసే ఫిల్టరు, గుండెపోటు గుర్తుల కోసం చూసే ఎస్‌టీ భాగాన్ని వంచగలదు. కాబట్టి దీన్ని చూసి గుండెపోటు ఉందనో లేదనో అనుకోవద్దు.

చేతి గడియారం నిరంతరం కొలిచేది విద్యుత్తును కాదు, మణికట్టుకు చేరిన నాడిని (పల్స్‌ను). నాడి చేరే సమయం కూడా ఊపిరితో మారుతుంది కాబట్టి రెండు మార్పులూ కలిసిపోతాయి. వేళ్లు ఆనించే ఈసీజీ పలకలు మామూలుగా 30 సెకన్లే రికార్డు చేస్తాయి. నిమిషానికి 6 శ్వాసల లెక్కన అందులో పట్టేది మూడే శ్వాసలు.

గ్రాఫ్ ఊపిరితో సంబంధం లేకుండా గజిబిజిగా ఉంటే, అలాగే ప్రతి స్పందన మొదట్లో వచ్చే చిన్న పీ తరంగాలు కనబడకపోతే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు) కావచ్చు. డాక్టరుకు చూపించాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గుండె మార్పిడి జరిగినవాళ్లకు ఈ అలలు సరిగా రాకపోవచ్చు, అందుకు పట్టీని తప్పుపట్టలేం. మధుమేహం ఉన్నవాళ్లకు ఒక మాట. నిమిషం పాటు 6 శ్వాసలు తీసే పరీక్షలో గరిష్ఠ, కనిష్ఠ వేగాల తేడా 15 లేదా అంతకు మించి ఉంటే మామూలు, 10 లేదా అంతకు తక్కువైతే నాడులు దెబ్బతిన్నాయేమోనని చూస్తారు. వయసుతో ఈ తేడా ఎలాగూ తగ్గుతుంది, నిర్ణయం డాక్టరుదే.

నిర్వహణ తేలికే. వాడిన వెంటనే ట్రాన్స్‌మిటర్‌ను పట్టీ నుంచి ఊడదీయాలి, లేదంటే తడి పట్టీ దాన్ని మేల్కొలిపే ఉంచి బిళ్ల బ్యాటరీని తినేస్తుంది. చెమట ఉప్పును మంచినీళ్లతో కడిగేయండి, మెత్తదనం ఇచ్చే ఫ్యాబ్రిక్ కండిషనర్ తగలనివ్వొద్దు. రీడింగులు పిచ్చిగా ఎగరడం మొదలైతే ముందు బ్యాటరీ, తర్వాత గుడ్డ పట్టీ మార్చి చూడండి. ట్రాన్స్‌మిటర్ కంటే ముందు అరిగిపోయేది పట్టీయే. అందుకే పట్టీ విడిగా దొరకని మోడల్ ఎంత చవకైనా నేను తీసుకోమనను.