“పైసలు కట్టినంక లొకేషన్ పంపుతం” అంటే కట్టకండి: నల్లమల, సోమశిల క్యాంపు ప్యాకేజీలపై జాగ్రత్త

సెలవులు దగ్గరపడితే చాలు, నల్లమల ట్రెక్, సోమశిల కయాకింగ్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ), గుట్ట మీద రాపెల్లింగ్ (తాడు పట్టుకుని బండ దిగడం) అని ప్యాకేజీల ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అడ్వాన్స్ కట్టినంకనే చోటు చెప్తామంటారు. మోసం ఆ మాటలోనే ఉంది. ఊరి పేరు తెలిస్తే అక్కడ నీళ్లున్నాయా, అడవిలోకి రానిస్తారా అని మీరు విచారించుకుంటారు కదా, అందుకే దాస్తారు.

“రాత్రి 10కి హైదరాబాద్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి మల్లెలతీర్థం” అని రాసి ఉంటే అది జరిగే పని కాదు. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. మల్లెలతీర్థానికి తిరిగే వటవర్లపల్లి ఆ చెక్‌పోస్టు దాటాకే వస్తుంది. ఫొటోలో కనిపించే మల్లెలతీర్థం జలపాతం ధార వానాకాలానిది; ఎండాకాలానికి అది సన్నబడిపోతుంది. అదే అడవిలో గుడి ఉన్న సలేశ్వరం లోయలోకి జనాన్ని వదిలేది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే, మిగతా వారాంతాల్లో దాన్ని ట్రెక్‌గా అమ్మేవాళ్లకు అనుమతి ఉండదు. ఇదంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వు. అనుమతి లేకుండా లోపల దొరికితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తీసుకెళ్లినవాడితో పాటు మీ మీదా కేసు పడుతుంది. అడవి చూడాలనుకుంటే మన్ననూరులో అటవీ శాఖ సఫారీ ఉంది, నేరుగా వాళ్ల దగ్గరే టికెట్ తీసుకోండి.

సోమశిల ఉన్నది కృష్ణా నది మీద, శ్రీశైలం డ్యాం వెనక నిలిచే నీళ్ల ఒడ్డున. అందుకే అక్కడికి పోయేవాళ్లు ముందు శ్రీశైలం డ్యాం మట్టం చూడాలి. నిండు మట్టం 885 అడుగులు. ఎదుటి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడిందంటే నీళ్లు బాగా వెనక్కి పోయినట్టే. అప్పుడు ఒడ్డంతా పైకి ఎండి పగిలిన మట్టిలా కనిపిస్తుంది గానీ పెచ్చు కింద బురద ఉంటుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది, పిల్లలైతే నడుము దాకా. కయాక్‌ను నీళ్ల దాకా ఈడ్చుకుపోయేది ఆ బురదలోనే. వరద రోజుల్లో ఇంకో ప్రమాదం: ఎగువన జూరాల గేట్లు ఎత్తితే నీరు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. వాలు తక్కువున్న ఒడ్డు మీద మట్టం ఒక్క అడుగు లేచినా నీళ్లు చాలా గజాలు లోపలికి వస్తాయి. నీళ్ల అంచున గుడారం వేసి “వ్యూ బాగుంటది” అంటే ఒప్పుకోకండి.

లైఫ్ జాకెట్‌ను ఒడ్డు మీదే పరీక్షించండి. బకిళ్లన్నీ బిగించుకుని, పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. అది చెవుల దాకా లేస్తే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారుతాడు. నొక్కినచోట ఫోమ్ మళ్లీ పొంగకపోయినా ఆ జాకెట్ వద్దు.

రాపెల్లింగ్‌లో తాడే ప్రాణం. వాడాల్సింది 10 నుంచి 11 మిల్లీమీటర్ల కెర్న్‌మాంటిల్ తాడు, అంటే లోపల దారాల పోగు, దాని మీద అల్లిన తొడుగు. బోరు మోటారు దించే నైలాన్ తాడు దీనికి పనికిరాదు. వేళ్ల మధ్య తాడును జారుస్తూ పోండి. ఎక్కడైనా మెత్తగా గుంట తగిలినా, తొడుగు దూదిలా లేచినా దాని మీద దిగకండి. మన గుట్టల గ్రానైట్ అంచు ఉప్పుకాగితంలా ఉంటుంది, తాడు కింద మెత్త వేయకుంటే మనిషి ఊగిన ప్రతిసారీ కోస్తూ పోతుంది. పైన రెండు వేర్వేరు ఆధారాలకు కట్టారా, మీ నడుముకు ఇంకొకరు పట్టే రెండో తాడు ఉందా చూడండి. హెల్మెట్ లేకుంటే అక్కడే ఆపేయండి. బండ కింద పెద్ద తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొగ పెట్టేవాళ్లతో అసలు ఉండకండి.

పైసలు కట్టేముందు ఊరి పేరు, మ్యాప్ పిన్, అనుమతి పత్రం ఫొటో, రద్దయితే ఎంత తిరిగిస్తారో మెసేజ్‌లోనే రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు. ఇప్పటికే కట్టి, అవతల ఫోన్ ఆగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేసి యూపీఐ లావాదేవీ నంబర్ చెప్పండి. పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలుంటుంది. చెప్పిన చోటికి కాకుండా వేరేచోటికి తీసుకెళ్తే 1915లో వినియోగదారుల ఫిర్యాదు ఇవ్వండి, ఆ మెసేజ్‌లు చెరిపేయకండి.