పోస్ట్‌గ్రెస్ డేటాబేస్: నాలుగేళ్లు వాడాక

చిన్న సంస్థలకు స్టాకు, బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసి అమ్మడం నా పని. కింద నడిచే డేటాబేస్ మాత్రం నేనూ ఇంకొకరి దగ్గర కొనాల్సిందే. నాలుగేళ్ల క్రితం దాకా అది ఒక పెద్ద కంపెనీది, పేరు వద్దు. సర్వర్ ప్రాసెసర్‌లో ఉండే కోర్ల (లెక్కలు చేసే భాగాల) లెక్కన లైసెన్సు. ఓ కస్టమర్ కొత్త సర్వర్ పెట్టుకుంటే కోర్లు రెట్టింపయ్యాయి, నా ప్రోగ్రాంలో ఒక్క లైనూ మారకపోయినా లైసెన్సు బిల్లూ రెట్టింపయింది. ఆ వెంటనే, కొన్న లైసెన్సుకి మించి వాడుతున్నామేమో తేల్చాలంటూ కంపెనీ నుంచి ఆడిట్ లెటర్. ఎక్కడ ఏ ఆప్షన్ ఆన్‌లో ఉందో లెక్క తేల్చడానికి మూడు వారాలు పట్టింది. ఆ టెన్షన్ పడలేకే పోస్ట్‌గ్రెస్ వైపు వచ్చాను. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ డేటాబేస్, అంటే దీని సోర్సు (ప్రోగ్రాం అసలు కోడ్) అందరికీ తెరిచి ఉంటుంది.

ఇది కొత్తదేం కాదు. 1986లో బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. నన్ను కట్టిపడేసింది దీని లైసెన్సు. కాపీరైట్ నోటీసు తీసేయొద్దంటుంది, అంతే. నా ప్రోగ్రాంతో కలిపి అమ్ముకోవచ్చు, నా సోర్సు ఎవరికీ చూపించక్కర్లేదు. ఓపెన్ సోర్స్ అంటే అన్నీ ఇంతే అనుకోకండి. జీపీఎల్ అనే ఇంకో ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వచ్చిన కోడ్‌ని మీ ప్రోగ్రాంలో కలిపి అమ్మితే కొన్నవాళ్లకి మీ సోర్సూ ఇవ్వాల్సి వస్తుంది. నిన్నటి లైసెన్సు రేపు ఉంటుందన్న హామీ కూడా లేదు. 2024లో, అప్పటిదాకా ఓపెన్ సోర్స్‌గా ఉన్న రెడిస్ అనే డేటాబేస్ తన లైసెన్సు మార్చేసింది. కాకపోతే పది రోజులు తిరక్కుండానే దాని డెవలపర్లు కొందరు పాత కోడ్ తీసుకుని వాల్కీ పేరుతో వేరు కుంపటి పెట్టారు. సోర్సు చూపించని క్లోజ్డ్ సోర్స్‌లో కొన్నవాడికి ఆ దారి లేదు.

ఇక కష్టాలు. పాత డేటాబేస్ లోపల రాసుకున్న చిన్న ప్రోగ్రాంలు, అంటే ప్రొసీజర్లన్నీ తిరగరాయడానికి ఐదు నెలలు పట్టింది. అన్నిటికంటే ఏడిపించింది ఒకటుంది: ట్రాన్సాక్షన్ (ఒకే మూటగా జరగాల్సిన పనులు) మధ్యలో ఒక్క ఇన్సర్ట్ (కొత్త రికార్డు చేర్చడం) ఫెయిలైతే, రోల్‌బ్యాక్ (చేసినదంతా వెనక్కి తీసుకోవడం) చేసేదాకా పోస్ట్‌గ్రెస్ ఇంకేమీ వినదు. పాతది ఆ లైను వదిలేసి ముందుకెళ్లేది. మా బిల్లింగ్ అంతా ఆ ఉదారత మీదే బతుకుతోందని అప్పుడు తెలిసింది. తప్పు మాదే, ఒప్పుకుంటాను.

రెండోది వాక్యూమ్. ఏ రికార్డైనా అప్‌డేట్ చేస్తే పాత కాపీ అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఆటోవాక్యూమ్ వచ్చి ఊడుస్తుంది. ఒకచోట మా రిపోర్టు ప్రోగ్రామే ట్రాన్సాక్షన్ తెరిచి పదకొండు రోజులు మూయలేదు. తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌కి పాత కాపీలు కావాల్సి రావచ్చు కాబట్టి, ఊడవడానికి వీల్లేక టేబుళ్లు ఉబ్బాయి, డిస్క్ నిండింది. రాత్రి రెండింటికి కస్టమర్ ఫోన్. మరి నేనెవరికి చెయ్యాలి? పాత కంపెనీ అయితే కనీసం ఒక టికెట్ నంబరు ఇచ్చేది. సమస్య తీరినా తీరకపోయినా కస్టమర్‌కి చదివి వినిపించడానికి ఆ నంబరు ఎంత ఆసరానో! డాక్యుమెంటేషన్ ముందేసుకుని (చాలా బాగా రాశారు, ఆ మాట చెప్పాలి) తెల్లారేసరికి గట్టెక్కాను. ఆ నెలలోనే డబ్బు కట్టి సపోర్టు కాంట్రాక్టు తీసుకున్నాను. ఉచితం ముచ్చట అక్కడితో సరి.

సోర్సు తెరిచి ఉంటే అందరూ చూస్తారు కాబట్టి భద్రం అంటారు. నేనైతే ఒక్కసారీ చూడలేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది కూడా ఎవరో కోడ్ చదువుతుంటే కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపరే, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. తవ్వే వీలుండటం మాత్రం చిన్న విషయం కాదు.

ఇంత చెప్పి, నా సాఫ్ట్‌వేర్ మాత్రం క్లోజ్డ్ సోర్సే. "రేపు మీరు మానేస్తే మా డేటా గతేంటండీ?" అని ఒకాయన అడిగారు. పాత కంపెనీని నేను అడగాల్సిన మాట అది. సోర్సు ఇవ్వను, అది నా పొట్టకూడు. కానీ ఇప్పుడు ప్రతి కస్టమర్‌కీ టేబుళ్ల వివరాలూ, నా సాయం లేకుండా బ్యాకప్ తీసుకుని వేరేచోట తెరుచుకునే పద్ధతీ రాసిస్తున్నాను. మొన్న ఒకాయన అలాగే తీసుకుని వేరే వెండర్ దగ్గరికి వెళ్లిపోయారు. అన్నీ సరిగ్గా తెరుచుకున్నాయట.