నాచు పళ్లు చూపించిన లెన్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

చిన్న వస్తువులను బాగా దగ్గరి నుంచి పెద్దగా తీసే 100 మి.మీ. మాక్రో లెన్స్ పదును ఎంత, బరువు ఎంత అన్నవి ఎక్కడైనా దొరికే వివరాలే. నేను చెప్పాలనుకున్నది ఒక్క దాని గురించే: 1:1. వస్తువు అసలు ఎంత ఉందో కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సర్ మీద ప్రతిబింబం కూడా అంతే పడటం. కొన్నేళ్లుగా ఇంట్లోనూ ప్రయాణాల్లోనూ ఈ లెన్స్ నా కెమెరాకే ఉంటోంది. అది కూడా చాలావరకు ట్రైపాడ్ లేకుండా, చేత్తో పట్టుకునే. అందమైన ఫొటో కావాలంటే అందమైన చోటికి వెళ్లాలని నాకు ఒకప్పుడు గట్టి నమ్మకం ఉండేది. అది ఇప్పుడు లేదు.

నా సెన్సర్ వెడల్పు 36 మి.మీ., అడ్డంగా 6000 పిక్సెళ్లు. అంటే 1:1 దగ్గర మిల్లీమీటరుకు 166 పిక్సెళ్లు. సీతాకోకచిలుక రెక్క మీది పొలుసు పొడవు సుమారు మిల్లీమీటరులో పదో వంతు, కాబట్టి ఒక్కో పొలుసుకు పదహారు పిక్సెళ్ల దాకా దక్కుతాయి. వేలికి పొడిలా అంటుకునేదే ఫొటోలో పెంకుల కప్పులా వరసలు తీరి కనిపిస్తుంది. కిటికీ గూట్లో చచ్చిపడి ఉన్న ఒక మామూలు సీతాకోకచిలుకతోనే ఓ మధ్యాహ్నమంతా గడిచిపోయింది.

ఇంట్లో నాకు బాగా నచ్చేది తెల్లవారు సమయం. సాయంత్రం కుండీలకు బాగా నీళ్లు పోస్తే, మర్నాటి ఉదయానికి కొన్ని మొక్కల ఆకు అంచున మొనమొనకీ ఒక బొట్టు నిలిచి ఉంటుంది. చూసినవాళ్లు మంచు అనుకుంటారు. మంచయితే ఆకంతా పరుచుకునేది. ఇవి వేళ్లు రాత్రంతా పీల్చిన నీటిని మొక్క ఆకు అంచు రంధ్రాల్లోంచి బయటికి నెట్టిన బొట్లు. ఒక్కో బొట్టూ కుంభాకార కటకమే, కనుక వెనకున్న కిటికీ అందులో తలకిందులుగా పడుతుంది. ఫోకస్ బొట్టు అంచు మీద పెడితే లోపలి కిటికీ మసకబారుతుంది. వెంట్రుకవాసి ముందుకు జరిపితే కిటికీ ఊచలు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి.

అయితే ఈ లెన్స్ మీద ఇంత మమకారం కలగడానికి కారణం ఇల్లు కాదు, ఒక పాడైపోయిన ప్రయాణం. సూర్యోదయం కోసమని కొండ మీదికి వెళ్లాం. మబ్బు దిగి పది అడుగుల అవతల ఏముందో కనిపించలేదు. వైడ్ లెన్స్ సంచీలోంచి బయటికి తీసే పనే లేకపోయింది. తోటివాళ్లు దుప్పట్లు కప్పుకుని గదుల్లోనే ఉండిపోయారు. నేను బయట తిరుగుతుంటే, ఎవరో ఎప్పుడో చలిమంట వేసుకుని వదిలేసిన చోట మాడిన నేలంతా నాచు పట్టి కనిపించింది. ఫ్యునేరియా అనే రకం. కాలిన నేల మీద తరచుగా మొలుస్తుంది. పచ్చని పొరలోంచి సన్నటి కాడలు లేచి, కాడ చివర మెడ వంచిన గుళికలు, ఒక్కోటీ రెండు మూడు మిల్లీమీటర్లు.

ఒక గుళికకు మూత ఊడిపోయి ఉంది. లెన్స్‌ను వీలైనంత దగ్గరికి తెచ్చి, కెమెరా వెనక తెరలో పెద్దది చేసి చూశాను. ఆ నోటికి పళ్లున్నాయి! ఎర్రటివి, మొన తేలినవి, సుడి తిరిగినట్టు మధ్యకు వంగి నోరు మూసేశాయి. ఫ్యునేరియాకు ఇలాంటివి రెండు వరసలు, వరసకు 16. మధ్యాహ్నం కాస్త గాలి తిరిగి మబ్బు పలచబడింది. నేల ఆరుతోంది. కళ్లప్పగించి చూస్తూ ఉండగానే బయటి వరసలో ఒక పన్ను చటుక్కున పైకి లేచింది. తర్వాత ఇంకొకటి. మెల్లగా విచ్చుకోవడం కాదు, కుదుపుతో లేవడం. దాంతోపాటే లోపలి నుంచి పొడిలాంటి సిద్ధబీజాలు, అంటే నాచుకు విత్తనాల్లాంటి కణాలు, చిమ్మాయి. పంటి లోపలి పొర, బయటి పొర తేమను ఒకేలా పీల్చవు. తేమ మారితే వంపు మారుతుంది. పొడిగాలిలో బీజాలు దూరం పోతాయి గనుక అప్పుడే నోరు తెరుచుకోవడం ఆ నాచుకు లాభం. అనుమానం తీర్చుకోవడానికి దగ్గరికి వంగి నోటితో ఆవిరి ఊదాను. పళ్లు మళ్లీ లోపలికి ముడుచుకున్నాయి. ఆ సాయంత్రం ఎన్నిసార్లు ఊదానో! అందరూ ఏమీ దొరకలేదని దిగులు పడుతున్న ఆ కొండ మీద నాకు సంతోషం పట్టలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా చెమ్మగోడలు, రాళ్ల నీడవైపు, ఫెర్న్ ఆకుల అడుగుభాగం చూడకుండా రాను. ఫెర్న్ ఆకు కింద గోధుమరంగు చుక్కలు తెగులు కాదు, సిద్ధబీజాల సంచులు.

ట్రైపాడ్ లేకుండా అన్నాను. ఆ మాటకు హద్దుంది. చేయి వణికి కెమెరా కోణం మారితే స్టెబిలైజర్ సరిదిద్దుతుంది. 1:1 దగ్గర అసలు చిక్కు మన ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగడం. దానికి స్టెబిలైజర్ దగ్గర మందు లేదు. ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర స్పష్టంగా పడే లోతు ఒక మిల్లీమీటరు. ఎఫ్/2.8 అయితే దాని మూడో వంతు. ఎఫ్/16కు వెళ్దామంటే అంత దగ్గరలో అది ఎఫ్/32లా పనిచేసి, సన్నటి రంధ్రంలో కాంతి చెదరడం (వివర్తనం) వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. ఆటోఫోకస్ కూడా ఆ దూరంలో అటూ ఇటూ వెతుకుతూ కాలం గడుపుతుంది. నేను దాన్ని ఆపేసి, ఫోకస్ రింగును చివరి దాకా తిప్పి, నేల మీద సంచీ ఆనించి, ఒళ్లు కదుపుతూ వరసగా తీస్తాను. చాలావి పోతాయి, కొన్ని నిలుస్తాయి. నాచు పళ్ల ఫొటోలు కూడా అలా నిలిచినవే. పూర్తిగా పదునైనవి కావాలంటే ట్రైపాడ్, ఫోకస్ జరుపుతూ తీసిన ఎన్నో ఫొటోలను కలపడం తప్పవు. గాలి వీస్తే అదీ కుదరదు.

మరో ఇబ్బంది, 1:1 దగ్గర లెన్స్ ముందు మిగిలే చోటు జానెడు కన్నా తక్కువ. హుడ్ (పక్క వెలుతురును ఆపే ముందరి తొడుగు) పెడితే ఇంకా తగ్గుతుంది. తూనీగలు ఆగవు, వెలుతురుకు మన నీడే అడ్డం. పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబారాక తీసేవాళ్లున్నారు. ఆ పద్ధతి నాకు అసహ్యం. ఎగిరిపోతే పోనివ్వాలి. నాచునైనా పీకి ఇంటికి తేవద్దు.

కొనాలా అంటే, మీరు ఎలా తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాకు ఒకే చోట గంట కూర్చునే తీరిక ఉంది, మోకాళ్లు ఇంకా వంగుతున్నాయి, నా వెంట వచ్చేవాళ్లు తొందరపెట్టరు. గుంపుతో పరుగున తిరిగేవాళ్లకూ, పిట్టల మీద మనసున్నవాళ్లకూ ఇది సంచీలో బరువే. ఇప్పటికే 50 మి.మీ. లెన్స్ ఉంటే, 50 మి.మీ. మందం వచ్చేలా ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు) తగిలించి ముందు ఇంట్లోని కుండీ మొక్కల మీద ప్రయత్నించండి. అదీ 1:1 వరకు వెళ్తుంది, కాకపోతే దూరంగా ఫోకస్ చేయలేదు, వస్తువుకు మరీ దగ్గరగా ఆనాలి. నా లెన్స్ పాడైతే మళ్లీ 100 మి.మీ. మాక్రోనే తీసుకుంటాను. స్టెబిలైజర్ లేని పాత రకం దొరికినా నా పనికి సరిపోతుందనే ఇప్పటి నా ఆలోచన.