హేయాన్ షోదాన్: మొత్తం కటా ఒకేసారా, ముక్కలుగానా?

షోటోకాన్‌లో (కరాటేలో ఒక శైలి) చాలాచోట్ల తెల్ల బెల్ట్ వాళ్లు నేర్చుకునే కటా (వరుసగా చేసే కదలికల క్రమం) హేయాన్ షోదాన్. 21 కదలికలు; 9, 17 దగ్గర కియాయ్ (గట్టి అరుపు); పూర్తి చేయడానికి 40 సెకన్లకు అటూఇటూ. దీన్ని మొదట్నుంచి చివరిదాకా పదేపదే చేయించే మాస్టర్లున్నారు, ముక్కలు చేసి నేర్పేవాళ్లూ ఉన్నారు. కొత్తవాళ్లకైతే నా ఓటు ముక్కలకే, ఒక షరతుతో.

మొత్తంగా చేస్తే ఏ మలుపు ఎటువైపో త్వరగా ఒంటబడుతుంది, దమ్ము పెరుగుతుంది. కానీ తప్పు చేసినవాడు మళ్లీ మొదటికే వెళ్తాడు. అలా మొదటి ఐదు కదలికలు అరిగిపోయేదాకా సాధన అవుతాయి, 18 నుంచి 21 దాకా ఉన్న షుతో ఉకేలకు (అరచేతి అంచుతో వేసే అడ్డు) సగం కూడా దక్కదు. అసలు కష్టమంతా అక్కడే. ఈ కటాలో కొకుత్సు దాచి (వెనక్కి బరువు పెట్టే నిలబాటు) వచ్చేది ఆ నాలుగింటిలోనే. 70 శాతం బరువు వెనక కాలిమీద ఉండాలి. అప్పటిదాకా జెన్‌కుత్సులో (ముందు కాలిమీద ఎక్కువ బరువుండే నిలబాటు) ముందుకు నెట్టిన ఒళ్లు అదే అలవాటుతో ముందుకు వాలుతుంది, వెనక మోకాలు లోపలికి కూలుతుంది.

ముక్కలైతే ఇలా: 1–5, 6–9, 10–13, 14–17, 18–21. చివరి ముక్కతో మొదలుపెట్టి వెనక్కి రండి. అప్పుడు కటా చేస్తున్నకొద్దీ బాగా వచ్చిన భాగంలోకే వెళ్తారు. ఇంకో లాభం తెత్సుయ్ (పిడికిలి అడుగుతో సుత్తిలా కొట్టే దెబ్బ) దగ్గర. అది 4వ కదలికలో ఉంది, అవతలి కొసన 12 తర్వాత లేదు. మొత్తంగానే చేసేవాళ్లు అక్కడ కూడా కాలు వెనక్కి లాగి ఒకటి కొట్టేస్తారు. 1–5, 10–13 పక్కపక్కన పెట్టి చేయిస్తే తేడా ఒక్కరోజులో పట్టుబడుతుంది.

ఇక షరతు. ముక్కలు అతుకుల దగ్గరే విరుగుతాయి, ముఖ్యంగా 9 నుంచి 10కి, 17 నుంచి 18కి. రెండుచోట్లా కుడికాలిమీద 270 డిగ్రీలు తిరగాలి. భుజంతో లాగితే ఒళ్లు పైకి లేస్తుంది. 10 దగ్గర ఎడమకాలు కుడికాలి గీతమీదే పడితే తుంటి వెడల్పు ఉండదు, గెదాన్ బరాయ్ (కిందికి వేసే అడ్డు) వేసేసరికి ఊగుతారు. అందుకే 8–11, 16–19 విడిగా చేయాలి. ఎడమకాలు చేరాల్సిన చోటును ముందే చాక్‌పీస్‌తో గీసుకోండి, తల ముందు తిప్పండి, తర్వాతే తుంటి.

అరగంట సాధనలో మొదటి వారాల్లో 20 నిమిషాలు ముక్కలకు, 10 మొత్తానికి. గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) దగ్గరపడ్డాక తిరగేయండి. ఒక్కో కదలికకూ మాస్టర్ చేత లెక్క చెప్పించుకునే పద్ధతి దిశలు నేర్చేదాకా మంచిదే. ఆ తర్వాత అదే అలవాటైతే 7, 8, 9 అగే ఉకేలు (పైకి వేసే అడ్డులు) ఒక్కోటీ విడిపోయి, పిలుపుకోసం ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తాయి.

వీడియో చూసి నేర్చుకునేవాళ్లకు ఒక మాట: షోటోకాన్ స్థాపకుడు ఫునకోషి, పిన్నాన్ అనే కటాలకు హేయాన్ అని పేరు మార్చినప్పుడు మొదటి రెండింటి వరుసనూ తారుమారు చేశారు. షితో ర్యూ, వాదో ర్యూ (వేరే కరాటే శైలులు) వీడియోల్లో ఈ కటా పిన్నాన్ నిదాన్ పేరుతో ఉంటుంది.