ఆరేళ్ళు నడిపిన "కాంటెస్సా" యాక్సిల్, దాని అసలు కథ

2018లో చెన్నై పెరంబూరులో 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 కొన్నాను, పెట్రోల్ బండి. అమ్మినాయన బండి చుట్టూ తిప్పి చూపిస్తూ మూడుసార్లు అన్నాడు, "వెనక కాంటెస్సా యాక్సిల్ వేయించాం సార్, ఇంక ఢోకా లేదు" అని. కాంటెస్సా అంటే అంబాసిడర్ కంపెనీ వాళ్ళదే ఇంకో పెద్ద కారు. దాని పేరు చెప్పి పదివేలు ఎక్కువ అడిగాడు, నేనూ ఇచ్చాను, ఎందుకంటే అప్పటికి నా దృష్టిలో యాక్సిల్ అంటే రెండు చక్రాల మధ్య ఉండే ఇనుప గొట్టం, అంతే. ఇప్పటికి ఆరేళ్ళు దాటింది, మీటర్ ప్రకారం 38,000 కిలోమీటర్లు. మీటర్ ప్రకారం అని ఎందుకన్నానో వస్తుంది.

అనుమానం మొదలైంది నెల్లూరు రోడ్డు మీద. ఫోన్లో జీపీఎస్ 56 అంటుంటే స్పీడోమీటర్ 60 చూపిస్తోంది. పాత మీటర్, ముల్లు వణుకుతుంది, దాన్ని నమ్మలేం. కానీ కింద కిలోమీటర్ల అంకెలు పళ్ళ చక్రాల మీద తిరిగేవి, వాటికి మూడ్ ఉండదు కదా. గుమ్మిడిపూండి దాటాక కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ పది కిలోమీటర్లు వెళ్తే 10.7 తిరిగింది. టైర్లు అసలు సైజువే. ఈ బండిలో మీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి, దానికీ చక్రానికీ మధ్య ఉన్న యాక్సిల్లో రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) మారితే మీటర్‌కి ఆ సంగతి తెలియదు.

మా మేస్త్రీ చూలైలో ఉంటాడు, ఇంట్లో తెలుగే. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, వెనక ఒక చక్రం లేపి కింద స్టాండు పెట్టాడు. యాక్సిల్‌కి తిరుగుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి, చక్రం ఒక చుట్టు తిప్పి, "రెండున్నరకి కాస్త తక్కువ సార్" అన్నాడు. అలాంటి రేషియో ఈ బండికి ఎక్కడిది! తర్వాత ఆయనకే గుర్తొచ్చింది, ఒక చక్రం నేల మీద ఉంటే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల కూర్పు) వల్ల లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితేనే లెక్కకి ఒక చుట్టు అని. అర చుట్టు తేడా కూడా తెలియాలని ఈసారి ఇరవై చుట్లు తిప్పాం, నేను కింద పడుకుని గీత లెక్కపెట్టాను: 48, ఆపైన ముప్పావు. పదితో భాగిస్తే 4.875. మీటర్ ఏమో 4.55కి సరిపోయే లెక్కలో ఉంది. రెంటికీ తేడా సరిగ్గా ఆ ఏడు శాతమే.

మరి కాంటెస్సా? గ్రీజు, మట్టి కిరసనాయిలు పోసి కడిగి చూశాం. కమాను కట్టలు కూర్చునే చోట, వేరే బండి యాక్సిల్ అమర్చిన గుర్తుగా, కొత్త వెల్డింగ్ మచ్చ ఒక్కటీ లేదు. పక్క వీధిలో చెయ్యి పడని ఇంకో అంబాసిడర్ ఉంటే టేపు పట్టుకెళ్ళి డ్రమ్ము నుంచి డ్రమ్ముకి, కట్ట నుంచి కట్టకి కొలిచాను, అంతా అదే. హౌసింగ్ అంబాసిడర్‌దే, లోపల రేషియోని తేల్చే పళ్ళ చక్రాల జత, క్రౌన్ పినియన్, మాత్రమే ఎవరో మార్చారు. నా పదివేలు ఆ ఒక్క పేరుకి పోయాయి.

వాడకం సంగతికొస్తే, ఊళ్ళో బంగారం. కత్తిపారా ఫ్లైఓవర్ టాప్ గేర్లోనే ఎక్కుతుంది, తిరుమల ఘాట్‌లో ఐదుగురితో కూడా ఆయాసపడదు. హైవేలో మాత్రం 65 దాటితే ఇంజిన్ గోల. నా లెక్కలో 80 దగ్గర నిమిషానికి ఓ రెండొందల చుట్లు ఎక్కువ తిరుగుతోంది, చెవికి మాత్రం వెయ్యిలా ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు 50 దగ్గర సన్నటి కూత ఒకటి మొదటి రోజు నుంచీ ఉంది, పెరగలేదు, తగ్గలేదు. మైలేజ్ లీటరుకి 11 అని అందరికీ గొప్పలు చెప్పుకున్నాను, మీటర్ దొంగలెక్క తీసేస్తే 10.3. ఆ 38,000 కూడా నిజానికి 35,500.

నన్ను ఎక్కువ ఏడిపించింది చిన్న బ్రీదర్ రంధ్రం. అది మట్టితో పూడిపోతే లోపల వేడెక్కిన గాలికి దారి లేక నూనెని హబ్ సీళ్ళ మీదికి తోస్తుంది. రెండుసార్లు సీళ్ళు మార్చినా ఎడమ డ్రమ్ములోకి నూనె కారి బ్రేకు జారేది. చివరికి సైకిల్ పుల్లతో పొడిస్తే ఆవగింజంత ఎండుమట్టి రాలింది, అంతటితో సరి.

2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫానుకి బండి హౌసింగ్ మునిగేదాకా నీళ్ళలో నిలబడింది. డ్రెయిన్ విప్పితే పాలెక్కువైన కాఫీలా వచ్చింది నూనె. పనిలో పనిగా లోపలి ముద్ద మొత్తం బయటికి తీయించి పళ్ళు లెక్కపెట్టాం, క్రౌనుకి 39, పినియన్‌కి 8. భాగిస్తే 4.875, సుద్దగీత అబద్ధం చెప్పలేదు. కడిగి, కొత్త ఈపీ 90 గేరు నూనె లెవెల్ రంధ్రంలోంచి కారేదాకా పోశాం, మళ్ళీ ఇబ్బంది పెట్టలేదు.

ఈమధ్య పుదుపేటలో 41, 9 పళ్ళ సెట్ ఒకటి దొరికింది, అంటే మీటర్ లెక్కకి సరిపోయే 4.55. షాపతను ఇదీ కాంటెస్సాదే అన్నాడు! నేనేం వాదించలేదు, పళ్ళు లెక్కపెట్టి, క్రౌను మీదా పినియన్ మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా అని చూసుకుని తెచ్చుకున్నాను, విడి జతలైతే కూత ఖాయం. తిరుమల వెళ్ళొచ్చాక వేయిద్దువుగాని అంది మా ఆవిడ. సెట్ డిక్కీలో గోనెసంచిలో ఉంది.