కూచీ సొరంగాల్లో మా మామతో

దేవరకొండ దగ్గర మా ఊళ్లో, రజాకార్ల కాలంలో మా తాత సగం ఖాళీ అయిన జొన్నల పాతరలో రెండు రాత్రులు దాక్కున్నాడట. ఆ కథ చెప్పినప్పుడల్లా అమ్మమ్మ, "పాతర మూత తీయంగనే దిగొద్దు బిడ్డా, గాలి ఆడనియ్యాలె" అనేది. నిరుడు వియత్నాంలో, అమెరికాతో యుద్ధంలో అక్కడి గెరిల్లాలు దాక్కుని పోరాడిన కూచీ సొరంగాలకు వెళ్లినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మాటే.

నల్లగొండ నుంచి నలుగురం వెళ్లాం. ఫౌజ్‌లో ఇరవై నాలుగేళ్లు చేసి వచ్చిన మా మామ కోసమే ఈ యాత్ర. హో చి మిన్ సిటీలో డిస్ట్రిక్ట్ 1లో చిన్న హోటల్ తీసుకున్నాం. గది శుభ్రం, మనుషులు మర్యాదస్తులు. శాకాహారులకు మాత్రం పొద్దున బ్రెడ్డు, పండ్లే గతి. అత్తమ్మ తెచ్చిన అటుకులు, మామిడికాయ తొక్కు ఆదుకున్నాయి.

కూచీలో చూసే చోట్లు రెండు: బెన్ దిన్, బెన్ డుయోక్. టూర్ బస్సులు ఎక్కువగా నగరానికి దగ్గరున్న బెన్ దిన్‌కే పోతాయి. మేమూ మొదటిరోజు అక్కడికే వెళ్లాం. దారిలో బస్సువాళ్లు ముందు చెప్పకుండా ఒక బొమ్మల దుకాణం దగ్గర గంటసేపు ఆపారు. చేరేసరికి ఒకటే జనం, గైడ్ తొందర, పక్కనే డబ్బులు కట్టి తుపాకులు పేల్చే చోటు. అంతమంది చచ్చిపోయిన నేల మీద సరదాకు తూటాలు పేల్చడం చూసి బాధేసింది. మామ అక్కణ్నుంచి లేచి బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు కారు మాట్లాడుకుని బెన్ డుయోక్ వెళ్లాం. ఖర్చు ఎక్కువ, దూరమూ ఎక్కువే, కానీ నా మాట వింటే నేరుగా అక్కడికే వెళ్లండి. చెట్లు, నిశ్శబ్దం, ఆగి ఆగి చెప్పే గైడ్. 1940లలో ఫ్రెంచివాళ్ల మీద పోరాటంలో మొదలైన తవ్వకం, అమెరికాతో యుద్ధం నాటికి సుమారు 250 కిలోమీటర్లకు పెరిగింది. ఎండితే రాయిలా గట్టిపడే ఎర్రమట్టి కాబట్టి నిలిచింది. గాలి రంధ్రాలు పైకి చెదపుట్టల్లా కనిపిస్తాయి. వంట పొగను పొడుగాటి కాలువల్లోకి మళ్లించి, దూరంగా కొద్దికొద్దిగా వదిలేవారు. కుక్కలు వాసన పట్టకుండా మిరియాలపొడి చల్లేవారు. అమెరికా 25వ ఇన్‌ఫాంట్రీ డివిజన్ 1966లో ఇదే కూచీలో స్థావరం వేసుకుంది, తన కాళ్ల కిందే సొరంగాలున్న సంగతి తెలియక. తర్వాత సన్నగా, పొట్టిగా ఉన్న సైనికులను ఎంచి టార్చిలైటు, పిస్తోలు ఇచ్చి లోపలికి పంపారు. వాళ్లను 'టన్నెల్ ర్యాట్స్' (సొరంగపు ఎలుకలు) అనేవారు.

చూడవచ్చేవాళ్ల కోసం వెడల్పు చేసిన సొరంగంలోనే నడుం వంచి, కొన్నిచోట్ల పాకుతూ పోవాలి. ఇరవై అడుగులకే నాకు ఊపిరాడలేదు. ముందున్న మామ ఆగి టార్చి ఆర్పేశాడు. "గింత చీకట్ల ఎదురుంగ మనిషున్నడో పామున్నదో తెల్వకుంట పోవాలె. పంపినోడు పైన్నే ఉంటడు" అన్నాడు. మరి లోపల దాగినవాళ్ల సంగతి అంటే, "ఆళ్లు గూడ గీ గాలే పీల్చిండ్రు గద" అన్నాడు.

మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్లు దిగొద్దు. మధ్యలో బయటికి వచ్చే దారులున్నాయి, మొహమాటపడకుండా వాడుకోండి.

పైకొచ్చాక ఉడకబెట్టిన కర్రపెండలం, అద్దుకోవడానికి పల్లీల పొడి పెట్టారు. ఆ రోజుల్లో సొరంగాల్లో వాళ్ల తిండి అదే. మామ ఒక్క ముక్క వదలకుండా తిని, చేతులు కడుక్కుని, స్మారక మందిరంలో గోడల నిండా చెక్కిన పేర్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయట డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను వెళ్లి, ఇంకో గంటకు వెయిటింగ్ డబ్బులు ఇస్తానని చెప్పొచ్చాను.